ఏ నోముకూ చెందని గులాబీ

జెండాకు రంగైంది, ప్రేమకు రాయబారైంది, దర్గాలో చాదరైంది, సైనికుడి అంతిమయాత్రలో దారంతా పరుచుకుంది. వరి తప్ప మరో మాట వినిపించని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో గులాబీకి ఇన్ని కొలువులు ఎలా దొరికాయి?

2023 డిసెంబరు 3న అసెంబ్లీ ఎన్నికల ఓట్లు లెక్కపెట్టారు. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని 12 స్థానాల్లో 11 కాంగ్రెస్ పరమయ్యాయి. మిగిలిన ఒక్కటీ సూర్యాపేట. అక్కడ భారత రాష్ట్ర సమితి అభ్యర్థి గుంటకండ్ల జగదీశ్‌రెడ్డి ఐదు వేలలోపు ఓట్ల తేడాతో వరుసగా మూడోసారి గట్టెక్కారు. జిల్లా మొత్తానికి ఒక్క గులాబీ మిగిలింది.

గులాబీ అన్న ఈ మాటలో పువ్వెక్కడా లేదని తెలుగు పేపరు చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పార్టీ ఎన్నికల గుర్తు కారు. జెండా మీద ఉన్నది ఒక పటం. రెక్క గానీ ముల్లు గానీ ఎక్కడా గీసి ఉండదు. 2001 ఏప్రిల్ 27న హైదరాబాద్‌లోని జలదృశ్యంలో కె.చంద్రశేఖరరావు తెలంగాణ రాష్ట్ర సమితిని స్థాపించినప్పుడు ఎంచుకున్నది రంగునే. ఆ రంగు వెంట పువ్వు పేరు కూడా నడిచొచ్చింది. అప్పటినుంచి పార్టీ మారిన నాయకుడు గులాబీ గూటికి చేరతాడు. అలిగినవాడు గులాబీ కండువా తీసి పక్కన పెడతాడు. అధినేత గులాబీ బాస్, కార్యకర్తలు గులాబీ దళం. 2017 ఏప్రిల్‌లో వరంగల్ సభ ఖర్చుల కోసం నేతలు తలా ఒక పని చేసి సొమ్ము కూడబెట్టారు. కేటీఆర్ ఐస్‌క్రీమ్ అమ్మారు. ఆ కార్యక్రమానికి పార్టీ పెట్టుకున్న పేరు ‘గులాబీ కూలీ దినాలు’. 2022 దసరా నాడు తెలంగాణ రాష్ట్ర సమితి కాస్తా భారత రాష్ట్ర సమితి అయింది. పేరు మారినా రంగు జోలికి ఎవరూ పోలేదు.

ఎరుపు మీద గులాబీ

ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల అంతకుముందు పాతుకుపోయిన రంగు ఎరుపు. తుంగతుర్తి దగ్గరి కరివిరాల కొత్తగూడెం నుంచి వచ్చిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దొరల గడీలకు నిద్ర పట్టనివ్వలేదు. మిర్యాలగూడలో సీపీఎం అభ్యర్థి జూలకంటి రంగారెడ్డి 1994లో, 2004లో, 2009లో ఎమ్మెల్యేగా గెలిచారు. అలాంటి చోట గులాబీ జెండా మెల్లగా, కొన్నిచోట్ల చుట్టుదారిలో వచ్చింది. మిర్యాలగూడలో 2014లో కాంగ్రెస్ తరఫున గెలిచిన నల్లమోతు భాస్కర్‌రావు ఆ తర్వాత కండువా మార్చుకుని, 2018లో కొత్త పార్టీ అభ్యర్థిగానే నెగ్గారు. కోదాడలో అదే ఏడాది గులాబీ వెయ్యిలోపు ఓట్ల తేడాతో బయటపడింది. 2023 వచ్చేసరికి రెండు చోట్లా రాలిపోయింది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 2014 నవంబరులో కొత్త రాష్ట్రానికి అధికారిక చిహ్నాలు ప్రకటించారు. జింక, పాలపిట్ట, జమ్మి చెట్టు ఖాయమయ్యాయి. అధికారంలో ఉన్నది గులాబీ పార్టీ. రాష్ట్ర పుష్పం మాత్రం తంగేడు! కోదాడ దాటి సరిహద్దు అవతలికి పోతే ఆంధ్రప్రదేశ్ 2018లో మల్లెను తన పువ్వుగా ప్రకటించుకుంది. ఊరేగింపుల నిండా గులాబీ పరుచుకున్న తెలుగు నేల మీద, రెండు రాష్ట్రాల్లో ఒక్కటీ దాన్ని సొంత పువ్వనలేదు.

అనకపోవడానికి కారణం ఉంది.

పూలకూ పనులున్నాయి

తెలుగువాళ్ల ఇళ్లలో ప్రతి పువ్వుకూ ముందే ఒక పని రాసిపెట్టి ఉంటుంది. తంగేడు, గునుగు బతుకమ్మకు. బంతి గుమ్మానికీ, దసరా నాడు వాహనాలకూ. మల్లె జడకు. మందారం, గన్నేరు పూజ గదికి. జిల్లేడు హనుమంతుడికి, ఉమ్మెత్త శివుడికి. చామంతి పెళ్లి పందిట్లోనూ ఉంటుంది, పాడె మీదా ఉంటుంది. ఏ పువ్వు ఎప్పుడు కోయాలో, ఎవరు పెట్టుకోవాలో, ఎవరు పెట్టుకోకూడదో చెప్పడానికి ఇంట్లో ఒక నాయనమ్మ ఉంటుంది.

గులాబీ ఈ లెక్కల్లో లేదు. పాత ప్రబంధాల తోటల్లో మల్లె, మొల్ల, సంపెంగ, కలువలదే రాజ్యం. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు ఎనిమిది వందల ఏళ్ల నాటివి. ఆ కాలపు కాకతీయ శిల్పి రాతికి పూలు పూయించాలనుకుంటే ఉలికి తగిలేది తామరే. నోము కథల్లో గులాబీ వినపడదు, సంక్రాంతి ముగ్గులోకి అది వచ్చింది నిన్నమొన్ననే. బతుకమ్మ పేర్చేటప్పుడు చివరి వరసలో రెండు గులాబీలు గుచ్చడం ఇప్పుడు కనిపిస్తున్నా, పాట మాత్రం తంగేడు చుట్టూనే తిరుగుతుంది.

ఏ నోముకూ చెందని పువ్వు కాబట్టే గులాబీకి కొత్త పనులు చెప్పడం సులువైంది. పార్టీ పెట్టినవాడు దాన్ని రంగు చేసుకున్నాడు. ప్రేమించినవాడు ఉత్తరం చేసుకున్నాడు. సినిమావాళ్లు కథానాయికకు పేరుగా పెట్టారు. బడిపిల్ల ఇంటిముందు పూసిన ఒక్క పువ్వునూ తుంపి, కాడకు తడిగుడ్డ చుట్టి, టీచరమ్మకు తెచ్చిచ్చింది. టీచరమ్మ దాన్ని జడలో పక్కగా తురుముకుంటే ఆ పిల్లకు ఆ పూటంతా పండగే. ఆ పువ్వు ఏ దేవుడిదని గానీ, ఏ కులానిదని గానీ అడిగినవాళ్లు లేరు.

పన్నీటి దారి

నోముల్లో లేకపోయినా గులాబీకి మొక్కులు లేవనుకుంటే పొరపాటు. ఈ ప్రాంతంలో దానికి దొరికిన పాత కొలువుల్లో ఒకటి దర్గా. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు జనవరిలో ఉర్సు జరుగుతుంది. మిర్యాలగూడ, కోదాడ, హుజూర్‌నగర్ వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు బండ్లు కట్టుకుని కదులుతాయి. వచ్చేవాళ్లలో హిందువులు బోలెడుమంది. మొక్కు తీర్చి కందూరు చేసి, ఆ రాత్రి అక్కడే వండుకు తింటారు. ఆ చుట్టుపక్కల సైదులు, సైదమ్మ అనే పేర్లు హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తాయి. దర్గా అన్నాక సమాధి మీద కప్పే చాదరు, ఆ చాదరు మీద గులాబీ రెక్కలు ఉండాల్సిందే. ఇంట్లో ఏ పూజకూ గులాబీ తప్పనిసరి కాని మనిషి ఇక్కడ మాత్రం దాన్ని వెతికి కొంటాడు.

ఈ అలవాటు వెనక పర్షియా నుంచి మొగలుల దాకా, అక్కడి నుంచి దక్కన్ దర్బారుల దాకా సాగిన సుదీర్ఘ ప్రయాణం ఉంది. గులాబీ అత్తరు తయారీ గురించి జహంగీర్ చక్రవర్తి తన స్మృతుల్లో రాసుకున్నాడు. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు కాస్తుంటే, వేడి పన్నీరు పోసిన పళ్లేల మీద నూనె తెట్టులా తేలిందట. దాన్ని కొద్దికొద్దిగా తీసి పోగుచేస్తే ఒక్క చుక్క అరచేతికి రాసుకున్నా సభంతా గుబాళించిందని ఆయన మురిసిపోయాడు. అలా దర్బారుల్లో మొదలైన మర్యాద పెళ్లి పందిళ్ల దాకా వచ్చింది. గంధం పూసి, పొడుగు మెడ వెండి బుడ్డితో పన్నీరు చిలకరించి అతిథులను లోపలికి పిలవడం నిన్నటి తరం వరకు పెద్దింటి పెళ్లిళ్లలో గుమ్మం దగ్గరి ఆచారం. కిళ్లీలో గుల్కంద్, గ్లాసులో రోజ్ మిల్క్ కూడా ఆ దారిన వచ్చినవే.

కోటు మీది పువ్వు, కాలువలోని నీళ్లు

మిర్యాలగూడ రైసు మిల్లుల చిమ్నీలు, కోదాడ చుట్టూ పచ్చటి మళ్లు చూసినవాళ్లకు గులాబీ గుర్తుకు రాదు. కానీ ఈ వరికీ ఒక గులాబీకీ లంకె ఉంది. ఏ పటంలో చూసినా కోటు గుండీ కాజాలో ఎర్ర గులాబీతో కనిపించే జవహర్‌లాల్ నెహ్రూయే 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఆయన కూతురు ఇందిరాగాంధీ, ప్రధాని హోదాలో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు నెహ్రూ పేరు పెట్టారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు దక్కింది. మెట్టపంటలతో నెట్టుకొచ్చిన భూములను వరి మాగాణులుగా మార్చింది ఆ ఎడమ కాలువే.

నెహ్రూ గులాబీ ఎందుకు పెట్టుకునేవారన్న దానిపై కథలు చాలా ఉన్నాయి. భార్య కమల జ్ఞాపకంగా అని కొందరంటారు, ఒక పసిబిడ్డ ఇచ్చిన పువ్వుతో మొదలైందని ఇంకొందరంటారు. ఏదైతేనేం, నవంబరు 14 వచ్చిందంటే ఏ ఊరి కాన్వెంటు బడి గేటు దగ్గరైనా తెల్ల టోపీ పెట్టుకున్న బుడ్డ నెహ్రూలు బారులు తీరతారు. జేబుకు పిన్నీసుతో గుచ్చిన గులాబీ ప్రార్థన ముగిసేలోపే తలకిందులవుతుంది. అది సర్దడం తల్లులకు, టీచర్లకు ఆ రోజంతా ఒక పని.

గులాబీ మోజున్న పెద్దమనిషి ఇంకొకరు మనకు మరీ దగ్గరివారు. దేశ మూడో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ 1897లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆయనకు గులాబీల పెంపకమంటే ప్రాణం. చండీగఢ్‌లో 1967లో వేసిన పెద్ద గులాబీ వనానికి ఆయన పేరే పెట్టారు. ఇక భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ బి.పి.పాల్ వృత్తిరీత్యా గోధుమ శాస్త్రవేత్త. తెగులును తట్టుకునే గోధుమ వంగడాల కోసం జీవితమంతా శ్రమించిన ఆ మనిషి, తీరిక దొరికితే కొత్త గులాబీ రకాలు పుట్టించేవారు. మన దేశపు గులాబీల మీద 1966లో ఏకంగా ఒక గ్రంథమే వెలువరించారు. తిండిగింజల కరువుతో దేశం ఓడల మీద గోధుమలు తెప్పించుకుంటున్న రోజులవి.

తెర మీద మాయపువ్వు

తెలుగు తెర మీద గులాబీ మొదట్లో ప్రేమికుల పువ్వు కాదు. అది మందు. 1962 జనవరిలో వచ్చిన ఎన్టీఆర్ చిత్రం ‘గులేబకావళి కథ’లో చూపు పోయిన తండ్రి కోసం రాజకుమారుడు బకావళి పువ్వును వెతుక్కుంటూ వెళతాడు. పర్షియన్, ఉర్దూ కథల్లో శతాబ్దాలుగా తిరిగిన పువ్వది. సి.నారాయణరెడ్డి సినీ గీత రచన మొదలైంది ఈ చిత్రంతోనే. తెలుగు సినిమా పాటలోకి ఆయన అడుగుపెట్టింది ఒక పూల కథతో అన్నమాట.

కత్తి పట్టి, ఏడు సముద్రాలు దాటి మాయవస్తువులు తెచ్చే జానపద కథానాయకుల వరసలో ఎన్టీఆర్ తర్వాత గుర్తొచ్చేది కాంతారావు. ఆయన సొంతూరు కోదాడ దగ్గరి గుడిబండ. 1923లో అక్కడ పుట్టి, మద్రాసు చేరి, 1953లో ‘ప్రతిజ్ఞ’తో కథానాయకుడయ్యారు. ‘లవకుశ’లో లక్ష్మణుడు ఆయనే. కత్తి కాంతారావుగా ఊరూరా పేరు పొందిన ఆ నటుడి కాలంలో, రాజకుమారి ఉద్యానవనమంటే రంగు కాగితాల గులాబీలూ పాలరాతి మెట్లూ ఉండాల్సిందే. కథానాయిక పువ్వును చెంపకు ఆనించుకోగానే హాల్లో ఈలలు మోగేవి.

1990లు వచ్చేసరికి గులాబీ తోటలోంచి టైటిల్ మీదికెక్కింది. 1992 ఆగస్టు 15న విడుదలైన మణిరత్నం ‘రోజా’ తెలుగులో డబ్బింగ్ అయి ఇక్కడా ఉర్రూతలూగించింది. పల్లెటూరి పెళ్లికూతురు కాశ్మీరంలో ఉగ్రవాదుల చేతిలో చిక్కిన భర్త కోసం మిలిటరీ అధికారుల గుమ్మాలు ఎక్కి దిగుతుంది. ఎ.ఆర్.రహమాన్ మొదటి సినిమా అదే, జాతీయ అవార్డూ దానికే. మధుబాల వేసిన పాత్ర పేరు రోజా. 1991లో ‘ప్రేమ తపస్సు’తో తెలుగు తెరకు వచ్చిన తిరుపతి అమ్మాయి శ్రీలత తెర పేరూ రోజాయే. ఆమె తర్వాత నగరి ఎమ్మెల్యే, ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా తెరుచుకుంటున్న రోజుల్లో, 1999లో వచ్చిన ‘ప్రేమికుల రోజు’ కథానాయికకూ అదే పేరు. ముఖం చూడకుండా కంప్యూటర్‌లో మొదలయ్యే ప్రేమ అది.

వీటన్నిటికంటే గడుసుది 1995 నవంబరులో వచ్చిన ‘గులాబి’. కృష్ణవంశీకి దర్శకుడిగా మొదటి చిత్రం, గాయని సునీతకు మొదటి పాట, నిర్మాత రామ్‌గోపాల్ వర్మ. పేరు చూసి తేలికైన ప్రేమకథనుకుని హాల్లో కూర్చున్నవాళ్లకు సగం సినిమా అయ్యేసరికి గొంతు ఆరిపోయింది. ఆడపిల్లలను దేశం దాటించి అమ్ముకునే ముఠా కథ అది. పోస్టరు మీది పువ్వుకూ లోపలి చీకటికీ ఉన్న ఆ దూరమే సినిమాను నిలబెట్టింది.

ఆ దశాబ్దపు ప్రేమకథల్లో కథానాయకుడి పక్కన ఎప్పుడూ ఒక స్నేహితుడు ఉండేవాడు. ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో సలహాలిచ్చి, చివరికి తానే నవ్వులపాలయ్యే పాత్ర. ఆ వేషాలతో నవ్వించిన వేణుమాధవ్‌ది కోదాడే. మిమిక్రీతో మొదలై, ‘తొలిప్రేమ’లో పవన్ కల్యాణ్ మిత్రబృందంలో మెరిసి, ‘లక్ష్మి’కి నంది పురస్కారం అందుకున్నారు. 2019 సెప్టెంబరులో కన్నుమూశారు.

ప్రేమకు చెల్లించిన వెల

తెర మీద కథానాయకుడు గులాబీ చాచితే ఎదురయ్యే గండం మహా అయితే ఒక చెంపదెబ్బ. మిర్యాలగూడలో అలా కాలేదు. 2018 సెప్టెంబరు 14న, ఒక ఆసుపత్రి నుంచి గర్భిణి అయిన భార్యతో కలిసి బయటికి వస్తున్న దళిత యువకుణ్ని పట్టపగలు నరికి చంపారు. కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు అమ్మాయి తండ్రి కిరాయి హంతకులను కుదిర్చాడని పోలీసులు కేసు పెట్టారు. విచారణ ముగియకముందే, 2020లో ఆ తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆరున్నరేళ్లు పట్టింది.

2018 నుంచి మిర్యాలగూడ అనగానే రాష్ట్రమంతటికీ వరి తర్వాత గుర్తొచ్చేది ఆ కేసే. ఫిబ్రవరి 14న కాలేజీ రోడ్డులో గులాబీ కొనే కుర్రాడికీ ఆ సంగతి తెలుసు. ఏ కులానికీ చెందని పువ్వు కాబట్టే ప్రేమికులు దాన్ని ఎంచుకున్నారు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేదానికీ మాత్రం కులం ఉంది, వాళ్ల వెనకున్న ఇళ్లకూ ఉంది. ప్రేమికుల దినం మన సంస్కృతి కాదంటూ ఏటా పార్కుల దగ్గర కాపు కాసేవాళ్లు పువ్వు మీద విరుచుకుపడతారు. కులం సంగతి వచ్చేసరికి ఆ గొంతులు అంత గట్టిగా వినిపించవు.

కట్టలెక్కన ఒకటి, కిలోలెక్కన ఒకటి

ఈ పట్టణాల్లో అమ్ముడయ్యే గులాబీ బస్సెక్కో లారీ ఎక్కో వస్తుంది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్లో తెల్లవారుజామున వేలం ముగిశాక, జాతీయ రహదారి 65 మీదుగా సూర్యాపేట, కోదాడలకు, అటు నల్గొండ మీదుగా మిర్యాలగూడకు సరుకు చేరుతుంది. అందులో హైదరాబాద్ చుట్టుపక్కల తోటలదీ ఉంటుంది, బెంగళూరు, హోసూరు పాలీహౌసులదీ ఉంటుంది.

పూలకొట్టు ముందు కాసేపు నిలబడితే గులాబీల్లో రెండు జాతులు కనిపిస్తాయి. ఒకటి పొడుగు కాడ డచ్ గులాబీ. 20 కాడలు ఒక కట్ట, న్యూస్‌పేపరు చుట్టి, మొగ్గ విచ్చుకోకుండా తెల్ల జాలీ తొడిగి వస్తుంది. కొట్టతను కట్ట విప్పి, కాడ చివర ఏటవాలుగా కోసి బకెట్ నీళ్లలో నిలబెడతాడు. గోనెగుడ్డతో ఒక్క దూపు దూసి ముళ్లు రాలుస్తాడు, వాడిన పైరెక్కలు రెండు గిల్లి పారేస్తాడు. అడిగినవాడికి ఒక్కటైనా ఇస్తాడు. రెండోది కాడ లేని విడి గులాబీ. గోతాల్లో వస్తుంది, తక్కెడలో తూగుతుంది. దండకు అదే, దేవుడికి అదే, శవానికి అదే. నాయకుడు ఊళ్లోకొస్తే క్రేనుకు వేలాడదీసే గజమాలకూ, జేసీబీ తొట్టిలోంచి కుమ్మరించే పూలవానకూ అదే. డచ్ గులాబీలో అమ్ముడుపోకుండా మిగిలినవి కూడా రెండు రోజులకు రెక్కలై ఈ కుప్పలోకే చేరతాయి.

ప్రేమకు పువ్వును లెక్కపెట్టి ఇస్తారు. భక్తికీ రాజకీయానికీ చావుకూ తూచి ఇస్తారు.

ఆ తూకపు పూలు సూర్యాపేట ఎన్నడూ మరవలేని విధంగా నేలరాలింది 2020 జూన్‌లో. గల్వాన్ లోయలో చైనా బలగాలతో ఘర్షణలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు జూన్ 15న అమరుడయ్యారు. ఆయనది సూర్యాపేట. జూన్ 18న కేసారంలో అంత్యక్రియలు. కరోనా భయంతో ముఖాలకు మాస్కులు కట్టుకున్న జనం డాబాల మీద, రోడ్ల పక్కన నిలబడి అంతిమయాత్ర మీద పూలు చల్లారు. నాయకుడి కోసం జేసీబీలో పోయించిన రెక్కలకు బిల్లు ఎవరో ఒకరు కడతారు. ఆ రోజు రాలిన రెక్కలు జనం ఎవరికి వారు తెచ్చుకున్నవి. సరిగ్గా ఏడాదికి పట్టణం నడిబొడ్డున ఆయన విగ్రహం వెలిసింది. మరణానంతరం మహావీర చక్ర లభించింది.

మరోచోట, మరో గులాబీ

యుద్ధం: ఇంగ్లండ్ సింహాసనం కోసం రెండు రాజవంశాలు 1455 నుంచి మూడు దశాబ్దాలకు పైగా కొట్టుకున్నాయి. యార్క్ వంశానికి తెల్ల గులాబీ, లాంకాస్టర్ వంశానికి ఎర్ర గులాబీ గుర్తులయ్యాయి. చివరికి గద్దెనెక్కిన ట్యూడర్లు రెండు రంగులూ కలిపి ఒకే పువ్వు చేసుకున్నారు.

ధిక్కారం: హిట్లర్ జర్మనీలో 1942-43లో మ్యూనిక్ విద్యార్థులు కొందరు ‘తెల్ల గులాబీ’ పేరుతో రహస్యంగా కరపత్రాలు పంచారు. 1943 ఫిబ్రవరి 22న అన్నాచెల్లెళ్లు హాన్స్ షోల్, సోఫీ షోల్‌లను శిరచ్ఛేదం చేశారు. సోఫీకి అప్పటికి 21 ఏళ్లు.

కూలి: అమెరికాలోని లారెన్స్ పట్టణంలో 1912లో బట్టల మిల్లు కార్మికులు సమ్మె చేశారు. కార్మికుల్లో వలస వచ్చిన ఆడవాళ్లు చాలామంది. రొట్టెతో పాటు గులాబీలూ కావాలన్న నినాదం ఆ సమ్మెకు పేరుగా స్థిరపడింది. కూలి పెంచితే చాలదు, మనిషిలా బతకనివ్వాలన్నది దాని సారం.

తిరుగుబాటు: 2003 నవంబరులో జార్జియా రాజధాని తిబిలిసిలో, ఎన్నికల్లో మోసం జరిగిందని ఆగ్రహించిన జనం గులాబీలు చేత పట్టుకుని పార్లమెంటులోకి చొచ్చుకెళ్లారు. అధ్యక్షుడు షెవర్నాద్జే గద్దె దిగారు. రక్తం చిందలేదు.

అంటు కట్టిన కొమ్మ

మళ్లీ మన ఊళ్లకొస్తే, గులాబీని కొనడంతో ఆగక పెంచుకునేవాళ్లు ఏటికేడు పెరుగుతున్నారు. రహదారి పక్కన నర్సరీల్లో, కాలనీల్లో తిరిగే బండ్ల మీద కనిపించే గులాబీ మొక్కల్లో తూర్పు గోదావరి కడియం ప్రాంతం నుంచి వచ్చేవి చాలా ఉంటాయి. డాబా మీద కుండీలో గులాబీ, దాని మొదట్లో కోడిగుడ్డు పెంకులు, వాడేసిన టీ పొడి, ఉల్లిపొట్టు. వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో కొమ్మలు కత్తిరిస్తే ఆరేడు వారాలకు మొగ్గ తొడుగుతుంది. పూలతోటల రైతులదీ ఇదే లెక్క. ఫిబ్రవరి 14 గిరాకీ అందుకోవాలంటే కత్తెర డిసెంబరులోనే పట్టాలి.

ఇలా అమ్మే రంగురంగుల గులాబీల్లో ఎక్కువ భాగం అంటు మొక్కలే. నేల పోటును, తెగులును తట్టుకునే మొరటు గులాబీని వేరుమూలంగా తీసుకుని, దాని బెరడు చీల్చి మేలురకం కన్నును అతికించి కట్టు కడతారు. పైన పూసేది ఒకటి, కింద నీళ్లు తాగేది ఇంకొకటి. యజమాని ఏమరుపాటుగా ఉంటే అంటు కింద నుంచి వేరుమూలం సొంత చిగురు పెడుతుంది. అది ఏపుగా ఎదిగి బలమంతా లాక్కుంటుంది, ముచ్చటపడి కొన్న ఎర్ర గులాబీ ఏడాది తిరక్కుండా ఎండిపోతుంది. చాలామంది ఆ పిచ్చి కొమ్మను చూసి మొక్క బాగా ఎదిగిందని సంబరపడతారు. అంటు కట్టిన ముడి దగ్గర వేలు పెట్టి చూపించి, దాని కింద ఏది మొలిచినా వెంటనే తుంచెయ్యమని బండివాళ్లు డబ్బు తీసుకునే ముందే చెబుతారు. చెప్పినా వినకుండా, వచ్చే ఏడు మళ్లీ కొత్త మొక్క కొనేవాళ్లకూ కొదవ లేదు.